స్టాండును గుర్తుపట్టిన నియమం

ఈ సంగతి కాగితం మీద పెట్టవలసిన కారణం మొదటే చెబుతాను. కొన్ని నెలల కిందట, నీటి పరీక్షల పనిలో కొత్తగా చేరినవారి శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. పరిచయం చేసిన పెద్దమనిషి, "పడమటి ప్రకాశంలో చేతిపంపుల వివరాలను మొట్టమొదట కంప్యూటరులో ఒక క్రమంలో పెట్టినవారు వీరే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ క్రమం వల్లనే ఒక నిజాయతీపరురాలి ఉద్యోగం పోయే దాకా వచ్చిందనీ, ఆమెను తొలగించే లేఖను తయారు చేసినవాణ్ని కూడా నేనేననీ అక్కడ ఎవరికీ తెలియదు. ఆనాడు లేచి చెప్పవలసింది, చెప్పలేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రసాయన శాస్త్రం చదువుకున్నవాణ్ని. ఉద్యోగ జీవితంలో చివరి పదకొండేళ్లు మార్కాపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన నీటి పరీక్షా కేంద్రానికి బాధ్యుడిగా ఉన్నాను. పల్లెల్లో చేతిపంపుల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలవడం, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన పంపుకు ఎర్ర రంగు, దాటని పంపుకు నీలి రంగు వేయించడం మా పని. ఎరుపు నీళ్లు వాడుకకే; నీలం నీళ్లు తాగవచ్చు. ఈ పని అవసరం ఏమిటో మా ప్రాంతంవారికి వివరించనక్కరలేదు. బయటివారి కోసం ఒక్క మాట: మా వైపు కొన్ని ఊళ్లలో నలభై దాటినవారు పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి.

నా కింద ఊళ్లు తిరిగి నీళ్లు పరీక్షించేవారు ఇద్దరు. గిద్దలూరు మండలం చూసే ఆయన యాభై ఏళ్ల రైతు. ఇంటి దగ్గర మెట్ట సేద్యం కొడుకులకు అప్పగించి మా దగ్గర చేరాడు. నోటికి అదుపు లేదు, పనికి వంక లేదు. పుల్లలచెరువు మండలం చూసే ఆమెకు అప్పటికి ముప్పై రెండేళ్లు. కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబం. తల్లి వైపునా తండ్రి వైపునా నెల జీతానికి పనిచేసిన మొదటి మనిషి ఆమే. ఆమె మాట్లాడేది తక్కువ. శనివారం పదిన్నరకు రమ్మంటే పదింబావుకే వచ్చి, చెప్పులు బయట వరుసగా విడిచి, బల్ల దగ్గర నిలబడేది. ఆ వరుస నాకు నచ్చేది.

ఈ ఇద్దరికీ ఒక దాత ఇచ్చిన పామ్‌టాపులు రెండు ఉండేవి. పామ్‌టాపు అంటే ఏమిటో ఇప్పటివారికి చెప్పాలి. అరచేతిలో ఇమిడే యంత్రం, ఫోను కాదు. ప్లాస్టిక్ పుల్లతో తెర మీద రాస్తే గుర్తుపెట్టుకుంటుంది. వారమంతా అందులో పంపు నంబరు, ఫ్లోరైడ్ సంఖ్య రాసుకొని, శనివారం కార్యాలయానికి తెచ్చి, ఒక చిన్న స్టాండులో నిలబెట్టి, స్టాండు మీది బొత్తాం నొక్కాలి. యూఎస్‌బీ తీగ గుండా ఆ వారం సంఖ్యలన్నీ కంప్యూటరులోకి దిగుతాయి.

దిగాలి అని అనుకున్నాం. మా కంప్యూటరులో ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. అంతకుముందున్న వ్యవస్థ వైరసులతో రెండుసార్లు పాడైతే విసిగి దానికి మారాం. పామ్‌టాపుకూ లినక్స్‌కూ కుదిరేది కాదు. బొత్తాం నొక్కిన తరువాత కొన్ని సెకన్ల పాటే పామ్‌టాపు కంప్యూటరుకు కనబడుతుంది. కనబడిన ప్రతిసారీ లినక్స్ దానికి ఒక కొత్త పేరు పెడుతుంది. ఒకనాడు చివర సున్నా, మరొకనాడు ఒకటి, ఇంకొకనాడు మూడు. పైగా ఆ పరికరాన్ని తెరిచే హక్కు రూట్ అనే సర్వాధికారికి తప్ప మరొకరికి లేదు. కనుక ప్రతి శనివారం ఎవరో ఒకరు రూట్ పాస్‌వర్డు కొట్టవలసి వచ్చేది. గిద్దలూరు ఆయన ఆ పాస్‌వర్డు మరిచిపోకుండా గోడ మీది క్యాలెండరులో ఏకాదశి పక్కన రాసిపెట్టాడు.

"ఇదేమిటండీ?" అని అడిగాను.

"ఏకాదశి నాడు ఎట్లాగూ ఉపవాసం ఉంటాను గదా సార్. ఆ గడి నా కంట పడకుండా ఉండదు" అన్నాడు.

ఈ పద్ధతి మార్చాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

లినక్స్‌లో ఇందుకు రూల్స్ ఫైళ్లు ఉంటాయి. ఫలానా లక్షణాలున్న పరికరం తగిలితే దానికి ఫలానా పేరు పెట్టు, ఫలానావారికి హక్కు ఇవ్వు, ఫలానా ప్రోగ్రాము నడుపు అని వరుసకొక ఆజ్ఞ రాయాలి. ఆ ఫైళ్లను కంప్యూటరు వాటి పేర్ల ముందున్న అంకెల వరుసలో చదువుతుంది. పది అంకె ఉన్న ఫైలు ముందు, యాభై అంకె ఉన్నది తరువాత. ఎవరు ముందో ఎవరు తరువాతో ఇంత స్పష్టంగా ఉన్న ఏర్పాటు నాకు ఏ కార్యాలయంలోనూ దొరకలేదు. మూడు ఆదివారాలు కూర్చున్నాను. పామ్‌టాపు రెండు దారులుగా కనబడుతుందనీ, సమాచారం రెండో దారిలోనే వస్తుందనీ తెలియక ఒక ఆదివారమంతా మొదటి దారి దగ్గరే వృథా చేశాను. చివరకు సాధించాను. పాస్‌వర్డు అక్కరలేదు. స్టాండులో పెట్టి బొత్తాం నొక్కితే, సంఖ్యలు ఆ మండలం ఫోల్డరులోకి చేరతాయి. వచ్చే వారానికి చోటు ఉండాలని పామ్‌టాపులో వాటిని నా ప్రోగ్రామే చెరిపివేస్తుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. రెండు పామ్‌టాపులు, రెండు స్టాండులు. ఏది గిద్దలూరుదో ఏది పుల్లలచెరువుదో కంప్యూటరు ఎట్లా గుర్తుపట్టాలి? ప్రతి పామ్‌టాపుకూ తయారీలో వేసిన సంఖ్య ఒకటి ఉంటుంది. నియమంలో దాన్ని రాయవచ్చు. లేదా కంప్యూటరు వెనక ఏ రంధ్రంలో తీగ పెట్టామో దాన్ని బట్టి గుర్తుపట్టించవచ్చు. నేను రంధ్రాన్ని ఎంచుకున్నాను. పైది గిద్దలూరు, కిందిది పుల్లలచెరువు. నా తర్కం ఇది: పరికరం రేపు చెడిపోవచ్చు, మనిషి మారవచ్చు, స్థానం మాత్రం మారదు. కార్యాలయాల్లో ఇన్నేళ్లూ నేర్చుకున్నది అదే. స్టాండులకు ముందు వైపు మండలాల పేర్లు టైపు చేసి అంటించాను. వెనక రంధ్రాల దగ్గర ఏమీ అంటించలేదు. వెనక్కి ఎవరు చూస్తారు?

మరొక నియమం కూడా పెట్టాను. ఇద్దరూ ఒకే సోమవారం మొదలుపెట్టాలి. జాబితాలోని వరుస తప్పకుండా వారానికి పదిహేను పంపులు చూడాలి. రెండు మండలాల జాబితాలూ ఒకటో నంబరుతోనే మొదలవుతాయి. చిన్న తెర మీద ఊళ్ల పేర్లు రాయడం కష్టమని, నంబరు, సంఖ్య మాత్రమే రాయమన్నాను. ఊరి పేరు ఫోల్డరును బట్టి కంప్యూటరే చేరుస్తుంది. ఇద్దరూ నా మాట అక్షరాలా పాటించారు.

అంతలో దసరా వచ్చింది.

సంస్థకు పెద్ద అయిన మా నిర్వాహకులకు ఆయుధ పూజ మీద పట్టింపు. కొలత పరికరాలు, సైకిళ్లు, కంప్యూటరు అన్నీ తుడిచి బొట్టు పెట్టాలి. కంప్యూటరు బల్ల నేను ఎవరినీ ముట్టుకోనివ్వను గనుక ఆ పని నాదే అయింది. తీగలన్నీ ఊడదీశాను. స్టాండులు తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడిచాను. పెట్టె వెనక ఏడాది దుమ్ము బ్రష్షుతో తీశాను. తెరకు పైన పసుపు రాసి కుంకుమ అద్ది, తీగలన్నీ మళ్లీ పెట్టాను. గిద్దలూరు ఆయన గుమ్మడికాయ కొట్టాడు. పుల్లలచెరువు ఆమె గుమ్మం బయట నిలబడి చూస్తూ ఉంది.

"చెల్లెమ్మా, ప్రసాదం శనగలు నీకు పెట్టనులే, మీ చర్చి అయ్యగారు ఒప్పుకోడు. ఈ అరటిపండు తిను. దీనికి బొట్టు పెట్టలా" అన్నాడు ఆయన.

"అరటిపండుకు మతమేంది అన్నా, ఇట్లియ్యి" అని తీసుకుంది. "మీ కంప్యూటరు మాత్రం మీ మతంలో కలిసినట్టుంది, బొట్టు పెట్టినారు గదా."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు గుర్తు.

పండుగ తరువాత జాబితాలో ముప్పై ఒకటో పంపు నుంచి పని మళ్లీ సజావుగా సాగింది. ఒక శనివారం గిద్దలూరు ఫోల్డరులో ముప్పై నాలుగో పంపుకు ఐదు పాయింటు రెండు అని కనబడింది. గిద్దలూరు వైపు ఐదు దాటడం నేను ఎరగను. ఆయనను అడిగాను.

"నేను రాసిందంతా నాకు గుర్తుంటే ఈ యంత్రం ఎందుకు సార్?" అన్నాడు.

ఆ జవాబు సబబుగానే తోచింది. సంఖ్య ఎక్కువ వస్తే పరీక్ష శ్రద్ధగా చేసినట్టు లెక్క అని కూడా అనుకున్నాను. అంతటితో వదిలివేశాను.

అదే రోజుల్లో మరొక సంగతి బయటపడింది. "మన చెల్లెమ్మ చర్చీలో దేవుని పాటల కింద మన నీళ్ల నంబర్లు కూడా పాడిస్తుండాదంట సార్" అని గిద్దలూరు ఆయన నవ్వుతూ చెప్పాడు. విచారిస్తే తేలింది ఇది. ఆ పల్లెల్లోని చర్చిల్లో గోడకు పెద్ద నల్ల పలక ఒకటి ఉంటుంది. అది మా మార్కాపురం గనుల పలకే. ఆదివారం పాడబోయే కీర్తనల నంబర్లు దాని మీద రాస్తారు. ఈమె ప్రతి ఊళ్లోనూ పని ముగించిన తరువాత, ఆ నంబర్ల కింద పంపు నంబర్లు, వాటి ఎదుట ఫ్లోరైడ్ సంఖ్యలు బలపంతో రాసి వస్తోంది. చివర "తప్పుంటే చెప్పండి" అని కూడా రాస్తోంది.

పిలిపించాను. "ఎవరి అనుమతితో రాస్తున్నారు?"

"అనుమతి ఏంది సార్, ఆడోళ్లు బిందెలు పట్టుకొని నిలబడి అడుగుతారు. ఈ నీళ్లు తాగాల్నా వద్దా అని. రంగేసే ఆయన వచ్చేది నెలకో రెండు నెలలకో. అందాక ఎట్ల?"

"ఆమోదం పొందని సంఖ్య బయటికి పోకూడదు. అదీగాక, తప్పుంటే చెప్పమని రాస్తున్నారట. పరీక్ష చేసిన సంఖ్యకు ఊరివారు తప్పొప్పులు చెబుతారా?"

"చెప్తారు సార్. మొన్న ఒకామె చెప్పింది, నేను ముప్పై రెండు అని రాసింది ముప్పై మూడంట. ఆమె ఇంటి ముందరిదే. పోయి చూస్తే నిజమే. దిద్దుకున్నాను."

నేను వినలేదు. చెరిపితే పోయే రాత కార్యాలయపు రాత కాదని, పలకల మీద రాసినవన్నీ వారంలోగా చెరిపించాలని లిఖితపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చాను. ఆమె తలూపి, కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. ప్రతి ఊరికీ కబురు పంపింది. నేను చెప్పిన పని ఆమె చేయకుండా ఉన్నది ఎన్నడూ లేదు.

రెండు వారాల తరువాత మా నిర్వాహకులు పుల్లలచెరువు వైపు పోయి, కొత్తగా నీలి రంగు వేసిన మూడు పంపుల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చారు. నేనే పరీక్షించాను. కంప్యూటరులో సున్నా పాయింటు ఏడు అని ఉన్న పంపు నీళ్లలో దాదాపు నాలుగు వచ్చింది. మిగిలిన రెండూ అట్లాగే. తాగరాని నీళ్లకు తాగవచ్చని రంగు వేశాం. పాత సంఖ్యలు తీసి చూస్తే దసరాకు ముందు ఆమెవన్నీ సరిగానే ఉన్నాయి, తరువాతనే తేడా.

శనివారం సమావేశంలో అందరి ఎదుటా నిర్వాహకులు అడిగారు. "ఏమ్మా, పండగ తర్వాత బద్ధకం పట్టిందా? చెట్టు కింద కూచొని రాసినావా ఈ నంబర్లు?"

"లేదు సార్. ప్రతి బోరింగు కాడికీ పోయినాను. నేను రాసినవి ఇవి కావు."

"నువ్వు కాకపోతే ఎవరు రాసినారు?"

"నాకు తెలీదు సార్."

అప్పుడు నేనొక మాట అన్నాను. "యంత్రం దానంతట అది సంఖ్యలు మార్చదు." వాక్యం నిర్దుష్టంగా ఉంది, ఈనాటికీ అందులో దిద్దవలసినది లేదు. దానిని మించిన అన్యాయమైన మాట నా నోటి నుంచి ఉద్యోగంలో మరొకటి రాలేదు.

గిద్దలూరు ఆయన ఎన్నడూ లేనిది గంభీరంగా లేచాడు. "సార్, పండగ అంటిరే, అది మా పండగ. బద్ధకం పడితే నాకు పట్టాల, ఆమెకెందుకు పడతాది?" అన్నాడు.

తొలగింపు లేఖ టైపు చేయమని నాకు చెప్పారు. చేశాను. 'తప్పుడు వివరాలు సమర్పించినందున' అనే మాట నాదే. ఆ కాగితంతో పోతే మా ప్రాంతంలో మరొక సంస్థ ఆమెను గడప ఎక్కనివ్వదని నాకు తెలుసు. సోమవారం సాయంత్రం ఆమె చేతికి ఇవ్వాలని నిర్ణయం.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకే ఆమె కార్యాలయం మెట్ల మీద ఉంది.

"సార్, పలకలన్నీ చెరిపించినానని చెప్పినాను గదా. ఒక ఊర్లో చెరపలేదంట. ఆదివారం మా బంధువులు వచ్చి చెప్పినారు. మీరొచ్చి చూస్తారా?"

ఆమె మాట నమ్మి బయలుదేరానని రాసుకోవచ్చు. అది నిజం కాదు. విచారణ సక్రమంగా జరిగినట్టు దస్త్రంలో ఉండాలని బయలుదేరాను. ఆమె సంఖ్యల ముద్రిత ప్రతి ఒకటి, అంటించని కవరులో ఆ లేఖ ఒకటి నా సంచిలో ఉన్నాయి. బస్సులో యర్రగొండపాలెం దాకా ఆమె ముందు సీట్లలో, నేను వెనక. అక్కడ బస్టాండులో, "టీ తాగుతారా సార్?" అని ఆమె అడిగింది. వద్దన్నాను. పుల్లలచెరువు బస్సెక్కి, దిగి, ఆటోలో పోయి, చివరి కొంత దూరం నడిచాం. ఆమె అట్లాంటి దారుల్లో వారానికి ఐదు రోజులు నడిచేదని అప్పుడు గాని నాకు తట్టలేదు.

పల్లె మొదట్లో నీలి రంగు మెరుస్తూ ముప్పై మూడో నంబరు పంపు ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. చర్చి తాళం చెవి ఒక ముసలామె దగ్గర ఉంటుంది. ఆమె మా వైపు చూడడానికి మనిషంతా తిరిగింది.

"ఈ సారేనా చెరపమన్నది?" అని అడిగింది.

"నేనే" అన్నాను.

"పాటల నంబర్లంటే ఆదివారం ఆదివారం మారుతాయి నాయనా. నీళ్లు మారుతాయా? ఎందుకు చెరపాల?" అంటూ తలుపు తీసింది.

పలక మీద పైన కీర్తనల నంబర్లు నాలుగు. వాటి కింద గీత. గీత కింద ముప్పై ఒకటి నుంచి ముప్పై ఆరు వరకు పంపు నంబర్లు, ఎదుట సంఖ్యలు. ముప్పై మూడుకు మూడు పాయింటు తొమ్మిది. ముప్పై నాలుగుకు ఐదు పాయింటు రెండు. ముప్పై ఐదుకు రెండు పాయింటు ఆరు. అడుగున "తప్పుంటే చెప్పండి". నా ముద్రిత ప్రతిలో అన్నీ ఒకటికి లోపే.

నా మొదటి అనుమానం, నిన్నరాత్రి రాయించి ఉంటారని. అదే అడిగాను. ముసలామెకు కోపం రాలేదు. "అయ్యగారికి కాలు విరిగి ఐదు వారాలాయె. అప్పటి నుంచి ఆదివారం కూటమే లేదు, పైనున్న పాటలు కూడా అప్పటివే. బలపం చూడు, ఎట్ల మాసిందో."

"మరి బయట పంపుకు నీలి రంగు వేసిపోయారు గదా. మీరు ఏది నమ్మారు?"

"పలకనే నమ్మినాం. ఆ నీళ్లు బర్రెలకు పెడతాండాం. రంగేసినోడు ఒక దినం వచ్చినాడు, పోయినాడు, మళ్లా కనపళ్లా. ఈ పిల్ల మూడు తూర్లు వచ్చింది. తప్పు రాస్తే దిద్దింది కూడా."

నేను పలక మీది సంఖ్యలు నా పుస్తకంలో ఎక్కించుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఆ ఆరు సంఖ్యలనూ పదేపదే చదివాను. ఐదు పాయింటు రెండు దగ్గర ప్రతిసారీ ఆగవలసి వచ్చింది. ఈ సంఖ్యను ఎక్కడో చూశాను. ముప్పై నాలుగో పంపు. ఐదు దాటడం ఎరగనని ఎవరినో అడిగాను. బస్సు త్రిపురాంతకం అడ్డరోడ్డు దగ్గర ఆగినప్పుడు గుర్తొచ్చింది: అది గిద్దలూరు ఫోల్డరు.

కార్యాలయానికి చేరి, చెప్పులు విడవకుండానే లోపలికి పోయాను. నా ఉద్యోగంలో అదొక్కసారే. 'పుల్లలచెరువు' అని అంటించిన స్టాండు తీగను వేలితో పట్టుకొని బల్ల వెనక్కి పోయాను. అది పై రంధ్రంలో ఉంది. గిద్దలూరు తీగ కింది రంధ్రంలో ఉంది. పెట్టె వెనక, పై రంధ్రం పక్కనే, పసుపు అంటిన వేలిముద్ర ఒకటి ఎండి ఉంది. అది నాదే.

దసరా నుంచి ఆమె సంఖ్యలన్నీ గిద్దలూరు ఫోల్డరులోకి, ఆయన సంఖ్యలన్నీ పుల్లలచెరువు ఫోల్డరులోకి పోయాయి. వారిద్దరూ నా క్రమం కొంచెం తప్పినా, ఒకరు పదమూడు, ఒకరు పదహారు పంపులు చూసినా, నంబర్లు పొసగక మొదటి వారమే బయటపడేది. వరుస తప్పనందువల్లనే తప్పు దాగింది. ఇంకొక సంగతి: స్టాండులో పెట్టిన ప్రతిసారీ పామ్‌టాపు తన యజమాని పేరు కంప్యూటరుకు చెబుతుంది. నా ప్రోగ్రాము దాన్ని అడగలేదు.

నిర్వాహకుల దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన, "తీగలు మార్చండి, ఫోల్డర్లు మార్చండి, లేఖ చించండి. ఆమెను రేపటి నుంచి పనిలోకి పొమ్మనండి. ఇంతటితో సరి" అన్నారు.

"ఆమెను అన్నది అందరి ముందర" అన్నాను.

"అయితే?"

"ఇది కూడా అందరి ముందర చెప్పాలి. తప్పుడు వివరాలు సమర్పించినది నేను."

శనివారం సమావేశంలో నిలబడి చెప్పాను. తీగ, రంధ్రం, పసుపు వేలిముద్ర, అన్నీ చెప్పాను. గిద్దలూరు ఆయన, "అయితే ఆ ఐదు పాయింటు రెండు నాది కాదన్నమాట. నేను అంత గట్టి నీళ్లు ఎప్పుడు పట్టినానా అని నెల నుంచి ఆలోచిస్తాండా" అన్నాడు. ఆమె నవ్వలేదు. నేను ముగించాక ఒక్క మాట అడిగింది.

"పలకల మీద మళ్లా రాయొచ్చునా సార్?"

నా ఆజ్ఞను రద్దు చేస్తూ ఇంకొక ఆజ్ఞ అక్కడే చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని కూడా నాలుగు మడతలు పెట్టుకుంది.

ఆ ఆదివారం రూల్స్ ఫైలు మళ్లీ రాశాను. రంధ్రం మాట తీసివేసి, ఒక్కొక్క పామ్‌టాపు సంఖ్యను రాశాను. యజమాని పేరు సరిపోకపోతే ఆగిపొమ్మని ప్రోగ్రాములో చేర్చాను. వారం చివర పామ్‌టాపులో సంఖ్యలు చెరపడం మాని, నెల రోజులు ఉంచేటట్టు చేశాను. ఇప్పుడు ఏ పామ్‌టాపును ఏ స్టాండులో పెట్టినా ఏ మనిషి పని ఆ మనిషి పేరు మీదే చేరుతుంది. మొదటే ఇట్లా రాయడానికి ఒక గంట ఎక్కువ పట్టేది.

తప్పు రంగు వేసిన పంపులకు రంగు మార్పించాం. గిద్దలూరు వైపు ఎర్రబడిన మంచి పంపులకు నీలం, పుల్లలచెరువు వైపు నీలం మీద ఎరుపు. ముప్పై మూడో పంపుకు ఆమే దగ్గరుండి వేయించింది. మరుసటేడు పోయినప్పుడు చూశాను. పిడి దగ్గర ఎరుపు అరిగి నీలం కనిపిస్తూ ఉంది. ఆమె ఆ పనిలోనే కొనసాగి, నేను విరమించే నాటికి రెండు మండలాలకు పర్యవేక్షకురాలైంది. నా వీడ్కోలు సభలో నా గురించి మాట్లాడమంటే, "సార్ టైముకు వస్తారు, తప్పు చేస్తే చెప్తారు" అని కూర్చుంది. ఎవరి తప్పు అన్నది వివరించలేదు.

యువకులకు నేను చెప్పదలచినది ఎక్కువ లేదు. నియమం రాసేటప్పుడు అది దేన్ని గుర్తుపడుతోందో ఒకసారి వెనక్కి పోయి చూడండి. క్రమం ఉన్నంత మాత్రాన నిజం ఉన్నట్టు కాదు. నేను ఈ రెండు సంగతులూ యాభై ఆరో ఏట నేర్చుకున్నాను.

ఒక లోటు మిగిలి ఉంది. నా ఆజ్ఞ ప్రకారం పలకలు చెరిపిన ఊళ్లన్నింటికీ ఆమెతో కలిసి పోయి నీళ్లు మళ్లీ పరీక్షించాను. ఒక్క ఊళ్లో ఒక్క పంపు దగ్గర లెక్క కుదరలేదు. ఫోల్డరు సరిదిద్దాక ఒకటి పాయింటు నాలుగు. మేము మళ్లీ పరీక్షిస్తే ఒకటి పాయింటు ఏడు. హద్దుకు అటు ఒకటి, ఇటు ఒకటి. మధ్యలో వానలు పడ్డాయి గనుక నీరే మారిందో, మొదట రాసినదే వేరో పలక ఉంటే తెలిసేది. ఎర్ర రంగు వేయించాను. అందువల్ల ఆ వీధివారు మంచినీళ్లకు ఎంత దూరం నడిచారో నాకు తెలియదు.

ఇదంతా జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది. రంధ్రాల వరుస, సంఖ్యలు, బస్సు ఆగిన చోటు, ఎవరు ఏ మాట అన్నారు అన్నవాటిలో పొరపాట్లు ఉండవచ్చు. లినక్స్ తెలిసినవారికి నియమాల సంగతిలోనూ కనబడవచ్చు. ఆనాడు ఆ గదిలో ఉన్నవారు గానీ, ఆ పల్లెలవారు గానీ, ముఖ్యంగా ఆ పంపు నీళ్ల సంగతి ఎరిగినవారు గానీ ఇది చదివితే నాకు తెలియజేయండి; నా ప్రతిలో దిద్దుకుంటాను. ఒకప్పుడు కార్యాలయ పత్రాలకు తగదని నేను చెరిపించిన మాటనే ఇక్కడ అడుగున రాస్తున్నాను.

తప్పుంటే చెప్పండి.